పెట్టెలో కొలత, మూలనపడ్డ సోల

ఈసారి పోస్టు పంట గురించి కాదు, పొట్ట గురించి. కాస్త పెద్దదే. మినుములు ఇంటికొచ్చాయి, కాలువలు కట్టేశారు, ఎలాగూ తీరికే కాబట్టి ఓపిగ్గా చదవండి.

సంక్రాంతికి మా తమ్ముడు అమెరికా నుంచి వచ్చాడు. కారు దిగి, కాళ్లు కడుక్కుని, లోపలికొచ్చి వాడు అడిగిన మొదటి మాట: "అన్నయ్యా, మన ఫ్రిజ్‌లో ఫ్రీజర్ ఎంత ఉంటుంది?" ఎందుకురా అంటే అప్పుడు చెప్పాడు. రెండేళ్ల క్రితం వాడు 104 కిలోలు. అక్కడ షాపుల్లో దొరికే డైట్ భోజనం పెట్టెలు, అంటే వండి, కొలిచి, గడ్డకట్టించి అమ్మేవి, పూటకొకటి చొప్పున ఎనిమిది నెలలు తిన్నాడు. 89 కిలోలకు దిగాడు. ఫొటోలు పంపితే ఊరంతా చూపించాం. ఆ తర్వాత విసుగొచ్చి పెట్టెలు మానేశాడు. ఏడాది తిరక్కుండా మళ్లీ 101.

ఇప్పుడు బెజవాడలో కూడా అలాంటి డబ్బాలు వారానికి ఒకసారి ఇంటికి పంపేవాళ్లు ఉన్నారని ఫోన్లో చూసి పెట్టుకున్నాడు. "నీకూ షుగర్ అంచుల్లో ఉందన్నారుగా. ఇద్దరికీ నెలకి కట్టేస్తాను" అన్నాడు. నేనప్పుడు 92 కిలోలు. సరే అనలేదు, కాదనలేదు. కొత్త విత్తనం కొనేముందు అది ఎక్కడ పుట్టింది, ఏ నేలలో పండింది, ఏ తెగులుకి పడిపోయింది అని అడుగుతాం కదా. ఈ పెట్టెకీ ఒక చరిత్ర ఉంటుంది, అది తెలుసుకుందాం అన్నాను. తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

గడ్డకట్టించడం మనకి కొత్త సంగతేం కాదు. 2009లో వనామీకి అనుమతి వచ్చిన దగ్గర్నుంచి కైకలూరు వైపు చెరువుల సంగతి మీకు తెలిసిందే. రొయ్య పట్టగానే ఐసు వేసి ప్లాంటుకి తోలతాం. అక్కడ తల తీసి, తొక్క ఒలిచి, మైనస్ 40 డిగ్రీల చలిలో గబగబా గడ్డకట్టిస్తారు. నెమ్మదిగా గడ్డకడితే లోపల పెద్ద పెద్ద మంచు పలుకులు తయారై కండని కోసేస్తాయి. కరిగించినప్పుడు నీరంతా కారిపోయి పీచు మిగులుతుంది. వేగంగా కడితే పలుకులు సన్నగా ఉంటాయి, రుచి పోదు.

ఈ కిటుకు వ్యాపారం అయింది క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికా ఆయన వల్ల. 1912 తర్వాత కొన్నేళ్లు ఆయన కెనడా తూర్పున లాబ్రడార్‌లో ఉన్నాడు. అక్కడివాళ్లు పట్టిన చేప ఆ చలికి నిమిషాల్లో రాయిలా బిగుసుకుపోవడం, నెలల తర్వాత వండినా తాజాగా ఉండటం చూశాడు. తిరిగొచ్చి 1920లలో యంత్రాలు తయారుచేశాడు. 1930లో మసాచుసెట్స్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరి షాపుల్లో గడ్డకట్టిన సరుకు మొదటిసారి అమ్మకానికి పెట్టారు. మన రొయ్యలు ఎక్కువగా కొనేది ఇవాళ అదే అమెరికా. 2025లో వాళ్లు సుంకాలు పెంచితే ఇక్కడ చెరువు గట్ల మీద ఎలా ఉందో చూశాం. మా తమ్ముడు అక్కడ తిన్న పెట్టెలో రొయ్య మన జిల్లాదే కావచ్చు.

ఒక్క పదార్థం కాకుండా పూర్తి భోజనాన్నే పెట్టెలో పెట్టి ఊరూరా అమ్మింది స్వాన్సన్ అనే కంపెనీ, 1953-54లో. దీని మీద ఒక కథ ఉంది. ఆ ఏడాది పండక్కి అమ్ముడుపోక 260 టన్నుల టర్కీ కోడి మాంసం మిగిలిపోయిందట. ఏం చెయ్యాలో తెలీక రైలు ఫ్రీజర్ బోగీల్లో తిప్పుతుంటే, అరలున్న అల్యూమినియం పళ్లెంలో మాంసం, బఠాణీ, చిలగడదుంప పెట్టి అమ్ముదామని ఒక ఉద్యోగి అన్నాడట. ఆ ఘనత తమదని వేరేవాళ్లూ చెప్పుకున్నారు, కాబట్టి కథని కథగానే తీసుకోండి. ధర మాత్రం 98 సెంట్లు. టీవీ ముందు కూర్చుని తినొచ్చని దానికి టీవీ డిన్నర్ అని పేరు పెట్టారు. మనకి టమాటా మిగిలితే రోడ్డు పక్కన పారబోస్తాం, వాళ్లు పెట్టెలో పెట్టారు.

ఇక్కడిదాకా బరువు తగ్గడం ఊసే లేదు. అది ఇంకో దారిలో వచ్చింది. న్యూయార్క్‌లో జీన్ నైడెచ్ అనే గృహిణి ఉండేది. ఆవిడ 97 కిలోలు. 1961లో ఊరి ఆరోగ్యశాఖ వాళ్లు ఇచ్చిన తిండి పట్టిక పట్టుకుని మొదలుపెట్టింది కానీ ఒక్కతే నిలబడలేకపోయింది. స్నేహితురాళ్లని ఇంటికి పిలిచి, ఎవరు ఏం తిన్నారో, ఎక్కడ నోరు కట్టుకోలేకపోయారో దాచకుండా చెప్పుకోవడం మొదలెట్టారు. ఆవిడ 64 కిలోలకు వచ్చింది. 1963లో అది వెయిట్ వాచర్స్ అనే కంపెనీ అయింది. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. మొదట్లో అక్కడ పెట్టె లేదు. ఎవరింట్లో వాళ్లు వండుకోవడం, తూచుకోవడం, నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడం, అంతే.

1978లో టమాటా సాస్ అమ్మే హైంజ్ కంపెనీ దాన్ని కొనేసింది. ఆ పేరుతో గడ్డకట్టిన భోజనాలు జోరుగా అమ్మింది. 1981లో నెస్లే వాళ్ల స్టౌఫర్స్ కంపెనీ లీన్ క్విజీన్ అని పది రకాలు దింపింది, ఒక్కోటి 300 కేలరీల లోపు. కొనాగ్రా అనే పెద్ద ఆహార కంపెనీ అధిపతికి 1985లో గుండెపోటు వస్తే, ఆయన తిండి మార్చుకున్న అనుభవంతో 1989లో హెల్తీ ఛాయిస్ అనే పెట్టెలు వచ్చాయి. ఉద్యోగాలకి పోయే ఆడవాళ్లకి, ఒంటరిగా ఉండేవాళ్లకి అది పెద్ద ఊరట. లెక్క వాళ్లే వేశారు, మనం వేడి చేసుకుంటే చాలు.

నిజం చెప్పాలంటే ఆ పెట్టె అబద్ధం కాదు. కొలిచి పెట్టిన భోజనం తిన్నవాళ్లు, ఇష్టమొచ్చినట్టు వడ్డించుకున్నవాళ్లకన్నా బాగా తగ్గుతారని పరిశోధనల్లో కూడా తేలింది. మా తమ్ముడు తగ్గిన 15 కిలోలూ నిజమే. ఉప్పు మాత్రం చూసుకోవాలి. ఒక్కో పెట్టెలో 500, 600 మిల్లీగ్రాముల సోడియం మామూలు. రోజంతటికీ 2,000 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే మూడు పూటలా పెట్టెలే తింటే దాదాపు అక్కడికే వచ్చేస్తాం. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనం ఆ మాట అనడానికి పెద్దగా మొహం లేదనుకోండి.

మరి తగ్గిన బరువు ఎందుకు తిరిగొస్తుంది? దీనికి రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం చూడాలి. యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లని, వాళ్ల ఒప్పుదలతోనే, 24 వారాలు సగం కడుపుతో ఉంచాడు. యుద్ధంలో ఆకలికి చిక్కిపోయిన జనానికి తర్వాత ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడానికి. వాళ్లు ఒంటి బరువులో నాలుగో వంతు పోగొట్టుకున్నారు. రాత్రీ పగలూ తిండి ధ్యాసే. మళ్లీ కావలసినంత పెట్టాక, పొట్ట పగిలేలా తిన్నా ఆకలి తీరలేదన్నారు. పోయిన కొవ్వు పోయిందానికన్నా ఎక్కువగా తిరిగొచ్చింది.

మన భాషలో చెప్పాలంటే ఒంటికి కరువు గుర్తుంటుంది. తిండి తగ్గిస్తే ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పెంచుకుంటుంది. పెట్టె ఉన్నన్నాళ్లూ ఆ ఆకలికి అడ్డుగోడ ఉంటుంది. పెట్టె ఆపిన రోజు గోడ పడిపోతుంది, ఆకలి అలాగే ఉంటుంది. ఎనిమిది నెలలు పెట్టెలు తిన్నా, అన్నం గిన్నె ముందు కూర్చుంటే ఎంత పెట్టుకోవాలో మా తమ్ముడి చేతికి తెలియదు. ఎందుకంటే ఆ ఎనిమిది నెలల్లో వాడు ఒక్కసారి కూడా వడ్డించుకోలేదు.

అక్కడి జనానికీ ఆ విసుగే వచ్చింది. అమ్మకాలు తగ్గేసరికి 2015లో లీన్ క్విజీన్ డైట్ అనే మాటనే పక్కన పెట్టి కొత్త వేషం వేసింది. 2018లో వెయిట్ వాచర్స్ పేరు కురచ చేసి డబ్ల్యూ డబ్ల్యూ అని మార్చుకుంది. 2025 మేలో ఆ కంపెనీ అప్పులు తీర్చలేక దివాలా చట్టం కింద కోర్టుకెళ్లింది. ఇప్పుడు ఆకలి చంపే ఇంజెక్షన్లు వచ్చాయి, మన దేశంలోకి కూడా 2025లో దిగాయి. ఆ ఇంజెక్షన్ వేయించుకునేవాళ్ల కోసమే ప్రత్యేకంగా నెస్లే 2024లో ఇంకో రకం గడ్డకట్టిన పెట్టె ప్రకటించింది. మందు మారినా పెట్టె మాత్రం పోలేదు.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అంటారేమో. నేనూ అదే అనుకున్నాను. మా నాయనమ్మ ఇత్తడి సోల అటక మీద కనబడేదాకా.

కుర్రాళ్లకి తెలీదు కాబట్టి చెప్తాను. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. బియ్యం డబ్బాలో ఎప్పుడూ ఒక సోల పడుండేది. పొద్దున్నే ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, మనిషికి ఇన్ని గిద్దలని కొలిచి ఎసట్లో పోసేవాళ్లు. అది ఒళ్లు తగ్గడానికి కాదు. గాదె కొత్త పంట దాకా రావాలని. పాతకాలం వాళ్లంతా ఏదో ఆరోగ్య సూత్రం పాటించారని నేను చెప్పను. లేమి వాళ్లచేత కొలిపించింది. కానీ కొలత మాత్రం ఇంటి ఆడవాళ్ల చేతిలో ఉండేది.

ఆ లేమి ఎలాంటిదో కూడా చెప్పుకోవాలి. 1832-33 నందన కరువులో గుంటూరు సీమ ఊళ్లకి ఊళ్లే ఖాళీ అయ్యాయి. జనం దాన్ని డొక్కల కరువన్నారు. పక్కనే కృష్ణ పారుతున్నా నీళ్లు పొలానికి ఎక్కలేదు. ఆ తర్వాత కాటన్ దొర చూపించిన దారిలో, ఆర్ అనే ఇంజనీరు చేతిమీదుగా బెజవాడ దగ్గర ఆనకట్ట 1855కి పూర్తయింది. ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ దాని తర్వాతది, 1957లో వచ్చింది. కాలువ పారిన చోటల్లా జొన్న, వరిగ తగ్గి వరి పెరిగింది. కాబట్టి బరువు గురించి మాట్లాడుతూ అన్నాన్ని తిట్టడం కృతఘ్నత. ఆకలితో చచ్చిన నేల మీద ఈ అన్నం పండింది.

అయితే వడ్లు పండిన తర్వాత ఇంకో మార్పు జరిగింది. రోకళ్లు పోయి మరలొచ్చాయి. దంపుడు బియ్యం మీద తవుడు కొంత మిగిలేది. మర దాన్ని గీకేసి తెల్లగా చేసింది. ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తాలో, బెరిబెరి అనే జబ్బు పాతదే. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, మనిషి నడవలేకపోతాడు, గుండె కూడా దెబ్బతింటుంది. మాల్కంసన్ అనే దొర డాక్టరు 1835లోనే దాని మీద మద్రాసులో పుస్తకం అచ్చేశాడు, కారణం మాత్రం అప్పటికి తెలీదు. జావాలో ఐక్‌మాన్ అనే డాక్టరు కోళ్లకి తెల్ల బియ్యం పెడితే కాళ్లు పడిపోవడం, తవుడు పెడితే లేచి తిరగడం చూశాడు. దానికి 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. 1930లలో కూనూరు ప్రయోగశాలలో డాక్టర్ ఐక్రాయిడ్ బృందం మన కోస్తాని పరిశీలించింది. ఉప్పుడు బియ్యం తినే తమిళ, మలయాళ సీమల్లో అంతగా లేని ఈ జబ్బు ఇక్కడెందుకుందంటే, మనం పచ్చి వడ్లు మరాడించిన తెల్ల బియ్యం తింటాం కాబట్టి. వడ్లు ఉడకబెడితే తవుడులోని బి1 విటమిన్ గింజ లోపలికి దిగుతుంది, మర దాన్ని తీసెయ్యలేదు. ఆ కూనూరు ప్రయోగశాలే తర్వాత హైదరాబాదు వచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

అంటే మన కంచం ఇంటి చేతిలోంచి జారి యంత్రం చేతిలోకి పోవడం మనం ఒకసారి చూసేశాం. పొట్ట నిండుతూనే కాళ్లు పడిపోయాయి.

తర్వాతది మన కళ్లముందు జరిగిందే. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చారు. కూలి ఇంట్లో కూడా రెండు పూటలా వరన్నం ఉడికింది. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204 వచ్చింది, సన్నగా, తెల్లగా, ఎంత తిన్నా ఇంకొంచెం తినాలనిపించేలా. గాదెకి భయం పోయింది, కాబట్టి సోల అటకెక్కింది. అదే సమయంలో కాళ్లకి పని పోయింది. దుక్కికి ట్రాక్టరు, కోతకి మిషను, మందుకి డ్రోను, గట్టు దాకా బండి. మా నాన్న కావిడి మోసి తిన్నంత అన్నమే నేను బైకు తోలి తింటున్నాను. 92 కిలోలు ఎక్కడ్నించి వచ్చాయో ఇంకా వెతకాలా?

ఆ తర్వాత మందులు మన బెజవాడలోనే పుట్టాయి. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పు, నూనె లేని వంట చెప్పారు, కృష్ణ కరకట్ట మీద ఆశ్రమం పెట్టారు. 2017, 18లో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ ఊళ్లని ఊపేసింది. డెబ్బై నుంచి వంద గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు విటమిన్ బిళ్లలు. కల్యాణమండపాలు నిండిపోయాయి, టీవీల్లో డాక్టర్లు వాదించారు. తర్వాత ఖాదర్ వలీ గారి మాట విని కొర్రలు, సామలు కొన్నాం. చాలామంది తగ్గారు, అది కళ్లతో చూశాం. వాళ్లలో ఎంతోమంది మళ్లీ పెరగడమూ చూశాం. నేను గమనించిందేంటంటే, నిలబడ్డవాళ్లు ఏ పద్ధతి పట్టుకున్నా వాళ్ల వంటింట్లో వంట మారింది. పడిపోయినవాళ్లు ఆ నలభై రోజులూ వేరే మనిషిలా తిని, నలభై ఒకటో రోజు పాత కంచం ముందు కూర్చున్నారు.

అందుకని తమ్ముడితో అన్నాను: "ఒరేయ్, ఆ పెట్టెవాడు నీకు చేసి పెడుతున్న మేలు ఒక్కటే, కొలత. అది మనింట్లో సోలలో ఉంది. ముందు దీన్ని చూద్దాం, కాకపోతే అప్పుడు డబ్బు కట్టు."

ఆ మధ్యాహ్నం ఇద్దరం మామూలుగా ఎంత పెట్టుకుంటామో అంత అన్నం కంచంలో పెట్టుకుని కాటా మీద తూచాం. నాది 520 గ్రాములు. వండిన అన్నం వంద గ్రాములకి సుమారు 130 కేలరీలు. అంటే 670 పైనే. కూర, పప్పు, నెయ్యి, పెరుగు వేయకముందే రెండు పెట్టెలు దాటిపోయాను. మా ఆవిడ నవ్వలేదు, తన కంచం తెచ్చి తనూ తూచింది. తనది 210. ఇన్నేళ్లూ ఒకే గిన్నెలోంచి తిన్నాం, నేనెప్పుడూ చూసుకోలేదు.

ఆ రోజు నుంచి బియ్యం సోలతో కొలిచి, మనుషుల లెక్కన పోస్తున్నాం. తక్కువ పాలిష్ పట్టించుకుంటున్నాం. తిండిలో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. అందుకని తగ్గిన అన్నం చోట పెసరపప్పు, చిక్కుడు, తోటకూర, గుడ్డు, మన చెరువు చేప. కూర ముందు, అన్నం తర్వాత. పొలానికి పొద్దున నడక. కడుపు కాల్చుకోవడం లేదు. మిన్నెసోటా కుర్రాళ్ల సంగతి చదివాక ఆ పని చెయ్యబుద్ధి కాలేదు.

మూడు నెలల్లో నేను 92 నుంచి 88కి వచ్చాను. గొప్ప కాదు, ఫొటో పెట్టేంత లేదు. తమ్ముడు మాఘమాసంలో తిరిగి వెళ్లేటప్పుడు సోలని బట్టల మధ్య పెట్టుకుని తీసుకెళ్లాడు. ఆఫీసులో మధ్యాహ్నం పూట ఒక పెట్టె తింటున్నాడు, రాత్రికి వండుకుంటున్నాడు. 97 అని మొన్న ఫోన్లో చెప్పాడు. పెట్టె మానెయ్యమని నేను అనలేదు. వరస నాట్లకి తాడు కడతాం కదా, పెట్టె అలాంటిది. వరస తెలియడానికి తాడు బాగా పనికొస్తుంది. నాటాల్సింది మాత్రం చెయ్యే.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. షుగర్ బిళ్లలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గించకండి, షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. డాక్టరుకి చెప్పి, మందు సరిచేయించుకుని మొదలుపెట్టండి.

ఈ రాత్రికి ఒక్క పని చెయ్యండి. మీరు రోజూ పెట్టుకునేంత అన్నం పెట్టుకుని, ముద్ద కలపకముందు తూచండి. ఎంతొచ్చిందో ఎవరికీ చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో సోల గానీ గిద్ద గానీ ఇంకా ఉంటే మాత్రం ఫొటో పెట్టండి, మా వాడు పట్టుకెళ్లిపోయాడు కాబట్టి నేనిప్పుడు గ్లాసుతో కొలుస్తున్నాను.